ఋతువులు తెలియని గెడ్డ

నర్సీపట్నం అవతలి కొండల్లోకి నేను విహారానికి వెళ్లలేదు. నీళ్లకు వెళ్లాను. విశాఖలో సముద్రం ఒడ్డున ఉద్యోగం చేసేవాడివి వంద కిలోమీటర్లు పోయి నాలుగు సీసాల నీళ్లు మోసుకురావడం ఏమిట్రా అని మా అమ్మ తెనాలి నుంచి ఉత్తరం రాసింది. ప్రభుత్వం అందుకే జీతం ఇస్తోందని జవాబు రాశాను. ఆవిడ నమ్మలేదు. జీతం అందుకునే రోజున నాకూ పూర్తిగా నమ్మకం కుదరదు.

తిరిగొచ్చి రెండు నెలలైంది. మీలో ఎవరూ అటు వెళ్లి ఉండరు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఫైలు గురించి

కాలుష్యం అన్న మాట పత్రికల్లో ఈ మధ్యే కనిపిస్తోంది. మా ఆఫీసు ఆ మాట కంటే ఇంకా చిన్నది. నదులు, వాగులు, బావుల నీళ్లు తెచ్చి పరీక్షించి, ఫలితాన్ని ఫైల్లో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టడం మా పని.

నా చేతికిచ్చిన ఫైలు ఒక గనిది. పెన్సిళ్లలో పెట్టే నల్లరాయిని తవ్వే గని. అనుమతులన్నీ సక్రమంగా ఉన్నాయి. దాని కిందుగా ఒక గెడ్డ పారుతుంది. మన కృష్ణా డెల్టాలో వాగు అనేదాన్ని ఇక్కడ గెడ్డ అంటారు. ఆ గెడ్డ నీళ్లు పాడయ్యాయని పనసగూడెం అనే కొండ ఊరివాళ్లు అర్జీ పెట్టారు. మూడు కాలాల్లో మూడుసార్లు నీళ్లు తెచ్చి చూడమని పైవాళ్లు ఆర్డరు వేశారు. కార్తీకంలో ఒకసారి, చైత్రంలో ఒకసారి మా సీనియర్ శేషగిరిరావుగారు వెళ్లొచ్చారు. రెండుసార్లూ నీళ్లు అమృతం.

మూడోది తొలకరిది. ఆయన మోకాళ్లు వానకు పనికిరావు గనక నన్ను పంపారు. ఇదీ అమృతమే అని తేలితే ఫైలు మూసేస్తారు. మూసేస్తే, గనివాళ్లు తవ్విపోసిన చెత్తరాయిని ఇంకో కొండవాలు మీద కూడా పోసుకోవడానికి అడిగిన కొత్త అనుమతి వచ్చేస్తుంది. అర్జీ పెట్టినవాళ్లు అబద్ధాలకోర్లన్న పేరు ఉచితంగా వస్తుంది.

బస్సులో కూర్చుని ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కార్తీకం అంకెలూ చైత్రం అంకెలూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఎండకు చిక్కబడదు, వానకు పలచబడదు. నేను చదివిన చదువంతటిలో అలాంటి వాగు లేదు. మా తెనాలి కాలువైతే పొద్దునకీ సాయంత్రానికీ ఒకేలా ఉండదు. ఈ గెడ్డకు ఋతువులు తెలియవన్నమాట. ఒళ్లు కాస్త జలదరించింది. కిటికీకి అద్దం లేదు, వాన జల్లు కొడుతోంది. కారణం అదే అయ్యుంటుందని సర్దుకున్నాను.

నర్సీపట్నం

బస్టాండులో దిగేసరికి నా గొడుగు వెనక్కి తిరిగి తామరపువ్వులా విచ్చుకుంది. దాన్ని చూసి నవ్వినవాళ్లలో ఒకాయన దగ్గరకొచ్చి, నీళ్ల ఆఫీసు నుంచేనా అండీ అని అడిగారు. ఆయనే అర్జీ రాసిపెట్టిన సూర్యం మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెబుతారు.

మెస్సులో రెండున్నర రూపాయలకు భోజనం. పనసపొట్టు కూర, ఇంగువ వేసిన వంకాయ, అడ్డాకు విస్తరి. అన్నం మారు వడ్డించడమే కాదు, వద్దంటే అలుగుతారు కూడా. మా వైపు గోంగూర లేనిదే ముద్ద దిగదు. ఇక్కడ కూరలో కొంచెం బెల్లం తగులుతుంది. మొదటి ముద్దకు అనుమానం వచ్చింది, నాలుగో ముద్దకు అలవాటైపోయింది.

మాస్టారు భోంచేస్తున్నంతసేపూ గెడ్డ మాట ఎత్తలేదు. చేతులు కడుక్కున్నాక ఎత్తారు. ఆయన ఆ ఊరు వెళ్లి ఆర్నెల్లు దాటిందట. మొదటి ఫలితం రాగానే గూడెంవాళ్లు ఆయనను వింతగా చూశారట. గనివాళ్ల మనిషేమో, అర్జీ తప్పుగా రాశాడేమో అని వాళ్ల అనుమానం. రెండో ఫలితం వచ్చాక ఆయనకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

"నిజం చెప్తున్నానండి. నేనా నీళ్లు నోట్లో వేసుకోలేదు. వాళ్లు చెప్పింది రాశాను. బావున్న నీళ్ల మీదే అర్జీ రాసేశానేటి అని రోజూ అనుకుంటున్నాను" అన్నారు.

సైన్సు మాస్టారు కదా, ఒక లిట్మస్ కాగితం పట్టుకెళ్లి ముంచాల్సింది అన్నాను. స్కూల్లో లిట్మస్ అయిపోయి మూడేళ్లయిందట. పాఠం బోర్డు మీదే చెబుతున్నారు.

కృష్ణదేవిపేట దాటాక

మర్నాడు కృష్ణదేవిపేట దాకా బస్సు. అక్కడి నుంచి కాలినడక. చుట్టూ వరినాట్లకు దమ్ము పట్టిన మళ్లు. ప్రతి మడిలోనూ కప్పల కచేరీ. తొలకరికి కప్పలు గొంతెత్తితే పక్కమనిషి మాట వినపడదు. నాకు పక్కమనిషి లేడు గనక ఇబ్బంది లేదు. విశాఖలో కొన్న కొత్త చెప్పు మాత్రం కుడిమడమను కొరికి పెట్టింది.

కొండవాలు ఎక్కి దిగేసరికి మొదటిసారి గెడ్డ కనిపించింది.

తొలకరి వాగు అంటే ఎర్రగా, టీ రంగులో, కొమ్మలూ రెమ్మలూ మోసుకుంటూ రావాలి. ఇది అద్దంలా ఉంది. మోకాలి లోతు నీళ్లలో అడుగున ఇసుకరేణువు లెక్కపెట్టచ్చు. మా డెల్టాలో తేటనీళ్లకు మొహం వాచి ఉంటాం. కాలువ నీళ్లు కుండలో పోసి, ఇండుపగింజ అరగదీసి, రాత్రంతా కాచుకుని కూర్చుంటే తెల్లారేసరికి ఇందులో సగం తేట వస్తుంది. సంతోషంగా దగ్గరకు వెళ్లాను.

అడుగున ఆకులున్నాయి. కిందటేడాది రాలినవై ఉండాలి. ఒక్కటీ కుళ్లలేదు. ఈనెలతో సహా అలాగే పడుకుని ఉన్నాయి. రాళ్లకు నారింజరంగు పొర పట్టింది. చేపపిల్ల లేదు, నీటిమీద పరుగెత్తే పురుగు లేదు. వంగి చూస్తుంటే ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది గాని ఏమిటో తెలియలేదు. కాసేపటికి తెలిసింది. కప్పలు మానేశాయి. కొండకు అవతల అంత గోల చేసినవి, ఇక్కడ ఒక్కటంటే ఒక్కటి లేదు. వాన చినుకులు నీళ్లలో పడుతున్న చప్పుడు ఒక్కటే.

నేను గట్టిగా దగ్గి చూశాను. నా దగ్గు నాకే తిరిగి వినిపించింది. మళ్లీ దగ్గలేదు.

గని గేటు

వానకు గని పని ఆపేశారు. గేటు దగ్గర అనుమతి నంబరు రాసిన బోర్డు, దాని కింద ఒక కాపలాదారు. నవ్వుమొహం మనిషి. బీడీ ఇవ్వబోయాడు. గేటు సందులోంచి గొయ్యి కనిపిస్తోంది. దాని నిండా నీళ్లు, నెమలి మెడ రంగు. పక్కన నల్లటి చెత్తరాయి గుట్టలు, వాటి మీంచి వాననీళ్లు సన్నటి పాయలుగా గెడ్డలోకి దిగుతున్నాయి.

దాహమేస్తోందని అన్నాను. గుడిసెలోంచి కిరసనాయిలు డబ్బా తెచ్చి గ్లాసులోకి వంపాడు. కడిగినా పోని కిరసనాయిలు వాసన. ఈ నీళ్లు ఎక్కడివని అడిగితే నర్సీపట్నానివట. వారానికి రెండు డబ్బాలు లారీలో వస్తాయట. పక్కన ఇంత తేటగా పారుతుంటే లారీలో తెప్పించుకోవడం ఎందుకన్నాను.

"నానిక్కడ కాపలాకొచ్చినాను బాబూ, సావడానిక్కాదు" అన్నాడు, అదే నవ్వుమొహంతో.

ఫైల్లో రాసుకోవడానికి అతని పేరు అడిగాను. వెంటనే నవ్వు ఆపేశాడు. నేనూ పెన్ను ఆపేశాను.

పనసగూడెం

సాయంత్రానికి గూడెం చేరాను. పాతిక ఇళ్లు. ఊరి పెద్ద లింగన్న, ఆయన భార్య కొండమ్మ అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. కాళ్లకు నీళ్లు, చోడి అనే రాగుల అంబలి, ఆ వెంటనే పనసతొనలు. మా ఇంట్లో చుట్టాలొస్తే ముందు ఎప్పుడొచ్చారు అంటారు, తర్వాత ఎప్పుడు వెళ్తారు అంటారు. ఇక్కడ రెండూ అడగలేదు.

ఇంట్లో ప్రతి చెంబూ, ప్రతి బిందే కంసాలి కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు ధగధగలాడుతోంది. ఇంటిలోపలి మసకచీకట్లో ఇత్తడి అలా మెరుస్తుంటే ఇంట్లో ఇంకెవరో కూర్చుని మనల్ని చూస్తున్నట్టుంటుంది. అంత చింతపండు పెట్టి ఎప్పుడు తోముతారమ్మా అని మెచ్చుకోలుగా అడిగాను. తోమక్కర్లేదట, గెడ్డలో ఒక్కసారి ముంచితే చాలట. చీరలు కూడా అందులో జాడిస్తారు గాని, ఏడాదికి చిరగాల్సింది రెండు నెలలకే చిరుగుతోందని చెప్పింది. చెబుతూ ఆవిడ నవ్వింది. లింగన్న నవ్వలేదు.

కొండవాలు మీద కొత్తగా పాతిన రాళ్లను ఆయన చేత్తో చూపించారు. గనివాళ్లు కొత్త చెత్త పోయడానికి అడిగిన స్థలం అదే. రెండు కొండల అవతల దాకా ఉంది. దాని అవతలి చివర ఒక ఊట ఉందట. గూడెం మొత్తం తాగేది ఆ ఊట నీళ్లే.

"గెడ్డ పోయింది, ఊట ఉంది. ఊట పోతే మరేటీ లేదు" అన్నారాయన. ఆ మాట చాలా మామూలుగా అన్నారు, సంతలో ఏ సరుకు దొరకదో చెప్పినట్టు.

ఇంతలో కొండమ్మ సీసాల కోసం చెయ్యి చాపింది. "ఇలాగిచ్చీండి బాబూ. మీరు కాలు నొప్పితో వొచ్చినారు. నానట్టుకొచ్చెస్తాను. ఎనకటి బాబుగారికీ నానే తెచ్చినాను."

రూలు ప్రకారం నీళ్లు నేనే ముంచాలి. కానీ మడమ మండుతోంది, పనసతొనలు ఇంకా ఉన్నాయి, గెడ్డ ఇంటి వెనక నలభై అడుగుల్లో ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి రూలు ఎంత కదులుతుందిలే అనుకుని సీసాలు ఇచ్చేశాను. శేషగిరిరావుగారి మోకాళ్లను వెక్కిరించిన పాపం అప్పుడే నా మడమకు చుట్టుకుంది.

నలభై అడుగులు

నలభై అడుగులు పోయిన మనిషి గంటన్నరకు వచ్చింది. కాళ్లకు ఎర్రమట్టి, చీర కుచ్చిళ్లు తడిసి ముద్ద. సీసాలు నా ముందు పెట్టి, బేగి రాలేకపోయానని క్షమాపణ చెప్పుకుంది.

నా సంచిలో రంగు మారే కాగితాలుంటాయి. పుల్లటి నీళ్లలో ముంచితే ఎర్రబడతాయి, మంచినీళ్లలో ఆకుపచ్చగా ఉంటాయి. సీసాలో ఒకటి ముంచాను. లేత ఆకుపచ్చ. అమృతం. కార్తీకం, చైత్రం, ఇప్పుడు తొలకరి. ఫైలు మూతపడిపోయింది. మాస్టారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ, మడమ కడుక్కుందామని ఇంటి వెనక్కి వెళ్లి గెడ్డలో కాలు పెట్టాను.

పుండు మీద ఉప్పూకారం చల్లినట్టయింది. వీరుడిలా నిలబడదామనుకున్నాను గాని అరిచాననే అనుమానం. చేతిలోని కాగితం నీళ్లలో పడింది. తీసి చూస్తే, ఆకుపచ్చ పోయి కుంకుమరంగు తేలింది. ఇంకో కాగితం ముంచాను, అదీ కుంకుమే. నలభై అడుగుల దూరంలో సీసాలో ఆకుపచ్చ, ఇక్కడ కుంకుమ. ఒక్క నిమిషం ఆ గెడ్డ నన్ను చూసి మొహం మార్చిందనిపించింది. తర్వాత ఆ ఎర్రమట్టి కాళ్లు గుర్తొచ్చాయి. గెడ్డ ఒడ్డంతా ఇసుక. ఎర్రమట్టి లేదు.

వెనక్కి వచ్చి, సీసాల్లో నీళ్లు ఎక్కడివమ్మా అని అడిగాను. ఆవిడకు నా ప్రశ్న అర్థం కాలేదు. ఊటవి, ఇంకెక్కడివి అంది.

"గెడ్డ నీళ్లు కదమ్మా నేనడిగింది."

"గెడ్డ నీళ్లు మనుసులకిత్తారేటి బాబూ? పట్నంల పెద్దోలు పరీచ్చ సేత్తారంట గదా. ఆలు తాగి సచ్చిపోతే ఆ పాపం మా గూడేనికి కాదేటి?"

లింగన్న లేచి నిలబడ్డారు. భార్య మీద గొంతు పెంచలేదు. వాళ్లు తాగడానికి కాదే, చూడ్డానికి అడిగారు అన్నారు.

"తాగకుండా ఏటి సూత్తారు?" అంది కొండమ్మ. "కంటితో సూత్తే గెడ్డ నీళ్లే బావుంటాయి గదా."

ఆఫీసులో మా పరికరాలన్నిటినీ కలిపినా ఇంతకంటే సూటిగా చెప్పలేవు. కళ్లకు గెడ్డే బావుంది. నాలుక మీద వేసుకుంటే గాని నిజం తెలియదు. నాలుక మీద వేసుకునే నీళ్లు పాడువి ఇవ్వడం ఆవిడ వల్ల కాదు. అందుకని రెండు కొండలు దాటి, ఊట దగ్గర బారులు తీరినవాళ్లను పక్కకు జరిపి, ఊరివాళ్ల వంతులో నాలుగు సీసాలు నింపి తెచ్చింది. కార్తీకంలో ఒకసారి. చైత్రంలో, ఊట సన్నబడిపోయి చెంబు నిండడానికి అరగంట పట్టే రోజుల్లో, ఇంకోసారి. ఆ రెండు కాగితాలే ఇప్పుడు ఆ ఊటను చెత్తరాయి కింద పూడ్చడానికి సాక్ష్యం.

ఇది ఆవిడకు నేనే చెప్పాలి. ఏ సందర్భానికైనా నా దగ్గర ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ సాయంత్రం స్టాకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మీరిచ్చిన నీళ్లు బావున్నాయి, అందుకని మీ గెడ్డ బావుందని రాశారు, అందుకని మీ అర్జీ అబద్ధమన్నారు అని.

కొండమ్మ లేచింది. సీసాలు నాలుగూ తీసుకుని ఇంట్లోకి వెళ్లి, నీళ్లు కుండలో పోసింది. పారబొయ్యలేదు. ఖాళీ సీసాలు తెచ్చి చూరు కింద బోర్లించింది.

లింగన్న మాత్రం ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు. ఎండాకాలం గెడ్డ సన్నగా పారినా పశువులు ఒక మూతి పెడతాయట. తొలివానకు గుట్టలు కడుక్కుని వచ్చినప్పుడు దగ్గరకు కూడా రావట. భాద్రపదం దాటి వానలు ముదిరాక మళ్లీ కొంచెం నెమ్మదిస్తుందట. ఏ కాలానికి ఎలా మారుతుందో మేము మూడుసార్లు బస్సెక్కి తెలుసుకోవాలనుకున్నది ఆయన ఆవులను చూసి చెప్పేశారు. నోటుబుక్కులో రాసుకున్నాను. చివరికి మాస్టారిని ఇలాగోసారి రమ్మని చెప్పమన్నారు.

మర్నాడు పొద్దున

నిద్ర హాయిగా పట్టింది. ఏజెన్సీకి వెళ్తే దోమలు పీక్కుతింటాయని విశాఖలో అందరూ బెదిరించారు. ఒక్కటి కుట్టలేదు. లేచి ఒళ్లు విరుచుకుంటూ, ఇంత మంచి ఊరు లేదనబోయి, దోమలు ఎందుకు లేవో తట్టి నోరు మూసుకున్నాను. దోమ కూడా గుడ్డు పెట్టని నీళ్లు.

మంచు దిగిన గెడ్డ ఒడ్డున ఆవులు వరసగా నిలబడి ఉన్నాయి. నీళ్ల వైపు తోకలు, కొండ వైపు మొహాలు. ఏ ఒక్కటీ తల తిప్పడం లేదు. గూడెంవాళ్లు కూడా వచ్చి వాటి పక్కనే నిలబడ్డారు. ఇరవై ముప్ఫై మంది ఉంటారు.

సీసా తీసుకుని నేను దిగబోతే కొండమ్మ అడ్డొచ్చింది.

"నాన్ముంచుతాను. సెడగొట్టిందాన్ని నానే గదా" అంది.

ఒప్పుకోకూడదు. ఒప్పుకున్నాను. ఈసారి పక్కనే నిలబడి. సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి మెడ దాకా మునగనిచ్చి, నీళ్లలో ఉండగానే మూత పెట్టాలని చెప్పాను. ఆవిడ మూడుసార్లకు తక్కువ చెయ్యలేదు, ఎక్కువా చెయ్యలేదు. మా ఆఫీసులో ఎవరూ అంత శ్రద్ధగా చెయ్యడం నేను చూడలేదు, నాతో సహా. నాలుగూ నిండాయి. సీసాల్లో నీళ్లు పైనా కిందా తేడా లేకుండా మెరుస్తున్నాయి. ఎవరైనా దాహంతో ఉన్నవాడు చూస్తే ఒక్క గుక్కలో తాగేస్తాడు.

ఆవిడకూ అదే తట్టినట్టుంది. సీసా నా చేతికిచ్చి వెంటనే వదల్లేదు.

"దార్లో ఎవులైనా అడిగితే ఇవ్వకండి బాబూ. దీని మీద ఏటైనా రాయండి."

చీటీ మీద నంబరు, తేదీ, చోటు తప్ప ఇంకేం రాయకూడదని రూలు. నాలుగింటి మీదా "తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆవిడకు చదువు రాదు. ఏం రాశానో చదివి వినిపించమంది. వినిపించాను. అప్పుడు వదిలింది.

బయల్దేరే ముందు ఊట దాకా కుంటుకుంటూ వెళ్లి అక్కడి నీళ్లు కూడా ఒక చిన్న సీసాలో పట్టుకున్నాను. పోనూ రానూ గంటన్నర. నా కాలితో రెండున్నర.

విశాఖపట్నం

ఫలితం వచ్చింది. గెడ్డ నీళ్లు నిమ్మరసానికి మేనత్త కొడుకు. ఊట నీళ్లు కార్తీకం, చైత్రం కాగితాల్లోని అంకెలకు అచ్చు అతికినట్టు సరిపోయాయి. ఉన్నదంతా రాసి, ఆ రెండు కాగితాలూ గెడ్డవి కావు, ఊటవి అని చివర్లో చేర్చి, శేషగిరిరావుగారి బల్ల మీద పెట్టి, ఉద్యోగం పోతే తెనాలిలో ఏం చెయ్యచ్చో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను.

ఆయన మొత్తం చదివారు. రెండుసార్లు చదివారు. అరుస్తారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, పాత కాగితాలు రెండూ బయటకు తీశారు. "గెడ్డ" అన్నచోట కొట్టేసి పైన "ఊట" అని రాసి, పక్కన సంతకం పెట్టారు. తను గెడ్డ దాకా దిగలేదని కింద ఒక వాక్యం తన చేత్తోనే చేర్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అలాంటి వాక్యం రాయడం ఆయనకు మొదటిసారి అయ్యుంటుంది. పెన్ను రెండుసార్లు విదిలించారు.

ఆ కాగితాలతో కొత్త చెత్తగుట్టకు అనుమతి ఆగింది. ఊట మంచిదని మూడు కాలాలకూ సాక్ష్యం ఉంది మరి, అదీ మా ఆఫీసు ముద్రతో. గెడ్డ సంగతి ఏం చెయ్యాలో పైవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. గెడ్డ మాత్రం పారుతూనే ఉంది.

ఆ రోజు ఫైలు కట్టేశాక నేను గుమ్మం దాకా వెళ్లాను. శేషగిరిరావుగారు వెనక్కి పిలిచారు.

"ఆ ఊట ఎంత దూరం ఉంటుందోయ్?"

"రెండు కొండలు దాటాలండి. గంటన్నర పడుతుంది."

ఆయన ఫైలును పక్కకు జరిపారు. "నేను అరుగు మీద కూర్చుని రెండో గ్లాసు కాఫీ అడిగాను. ఇంత ఆలస్యమేమిటమ్మా అని విసుక్కున్నాను కూడా. ఆవిడ రెండుసార్లు వెళ్లొచ్చిందన్నమాట."

"మూడుసార్లండి" అన్నాను. "మూడోసారి నేను కూర్చున్నాను."